కాల్వ తవ్వినోళ్ల పిల్లలు కేబుల్ నడపొద్దా?

దేవరకొండ నుంచి కొండమల్లేపల్లి పోయే తొవ్వల రోడ్డు పక్కన కాల్వ తీస్తుంటే నిలబడి చూసినం. మండుటెండ. ఆడోళ్లు మొగోళ్లు కలిసి ముప్పై మంది దాకా ఉన్నరు. తట్ట, పార, గడ్డపార. మేస్త్రీ గజాల లెక్కన మాట్లాడుకున్నడట. కాల్వలకు నారింజ రంగు పైపు దించుతున్నరు. ఇదేం పైపని ఒక పెద్దమ్మను అడిగితే, "ఏమో బిడ్డా, నీళ్లది కాదంట, ఫోన్లదంట" అన్నది. ఆమె కొడుకు డిగ్రీల కంప్యూటర్లు చదివిండు. ఇప్పుడు పట్నంల బండి మీద అన్నం పొట్లాలు మోస్తున్నడు.

తల్లి తవ్విన కాల్వలకెళ్లి పోయే తీగను ఎట్ల నడపాలో ఆ కొడుకు చదివిన చదువుల ఉన్నది. కానీ ఆ పని అడగాలంటే డిగ్రీ కాగితం చాలదంటరు, ఇంకో కాగితం కావాలంటరు. నెట్‌వర్కింగ్ చదువుకు మొదటి మెట్టని అందరూ చెప్పుకునే ఆ పరీక్ష పేరు సీసీఎన్ఏ. సిస్కో అనే అమెరికా కంపెనీ 1998 నుంచి దాన్ని నడుపుతున్నది. మన వాడల నుంచి అమీర్‌పేట పోయి ఇరుకు హాస్టల్ రూముల్లో పడి ఉండే పిల్లలు ఎక్కువమంది దీని కోసమో, ఇట్లాంటి ఇంకోదాని కోసమో తయారవుతున్నోళ్లే. దాని గురించి మన పత్రికల ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు రాస్తున్నం.

రాస్తమంటే మన మిత్రులే కొందరు ముఖం చిట్లించిన్రు. భూమి గురించి, కూలి గురించి, హోటళ్ల రెండు గ్లాసుల గురించి రాయాల్సిన పత్రికలో కంప్యూటర్ పరీక్ష ఏందని అడిగిన్రు. సరైన ప్రశ్నే. మా జవాబు ఇది. 1955ల నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేసిన్రు. మట్టి మోసింది, రాయి కొట్టింది మన జిల్లాల కూలీలు, పాలమూరు కూలీలు. 1967ల కాల్వలకు నీళ్లు వదిలిన్రు. డ్యామ్ మన పక్కనే, నీళ్లు మాత్రం మెట్ట మీదున్న దేవరకొండకు ఎక్కలే. కట్టినోడు ఒకడు, తాగినోడు ఒకడు. ఇప్పుడు రెండో సాగర్ భూమి లోపల కడుతున్నరు. మిషన్ భగీరథ పైపుల కోసం తీసిన కాల్వల వెంబడే ఊరూరికీ ఫైబర్ తీగ వేసే పథకం పెట్టుకున్నది తెలంగాణ సర్కారు. ఢిల్లీ సర్కారు భారత్‌నెట్ పేరుతో ఇంకో తీగ వేస్తున్నది. తవ్వేది మళ్లా మనమే. ఈసారన్నా ఆ నీళ్లు మన దిక్కు తిప్పుకోవాల్నా వద్దా?

ఇంకో సంగతి ఉన్నది, ఈ తరం పిల్లలకు తెల్వదు. ఒకప్పుడు ఫోన్ల తీగ సర్కారుది. టెలిఫోన్ ఎక్స్చేంజిల లైన్‌మన్ కొలువు రిజర్వేషన్ల వచ్చేది. మన వాళ్లు స్తంభాలెక్కి తీగలు కట్టిన్రు, పిల్లల్ని చదివించుకున్నరు, పక్కా ఇల్లు వేసుకున్నరు. 2000 అక్టోబర్‌ల ఆ శాఖను బీఎస్ఎన్ఎల్ కంపెనీ చేసిన్రు. 2020 జనవరి 31 నాడు దాదాపు 78 వేల మందిని స్వచ్ఛందం పేరు మీద ఒక్కరోజే ఇంటికి పంపిన్రు. తీగ తగ్గలే, పని తగ్గలే. పని ప్రైవేటోళ్ల చేతికి పోయింది. రాజ్యాంగంల రాసుకున్న రిజర్వేషన్ ప్రైవేటోని గేటు కాడ ఆగిపోతది. రోస్టర్ ఉన్న చోట ఇప్పుడు ఈ సర్టిఫికెట్ వచ్చి కూసున్నది. కొలువుకు తలుపు మారింది, తాళంచెవి మారింది. కొత్త తాళంచెవి ఖరీదెంతో ఇగ చూద్దాం.

పరీక్ష ఫీజు 300 డాలర్లు. పన్ను కలిపి మన పైసలల్ల ముప్పై వేల దాకా అయితది. 2025-26ల మన రాష్ట్రంల ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలుగా పెట్టిన్రు. 2005 చట్టం ఒక కుటుంబానికి ఏడాదికి ఇస్తనన్నది వంద రోజుల పని. వందను 307తోటి గుణించండి. 30,700. అంటే ఒక ఇంటి వాళ్లందరూ కలిసి ఏడాది పొడుగునా మట్టి తవ్వి తెచ్చిన పైసలు, తినకుండ తాగకుండ దాచిపెడితే, ఒక పిల్లగానికి ఒక్కసారి పరీక్ష. రెండు గంటల పరీక్ష. తప్పితే ఐదు రోజులు ఆగి మళ్లా రాయొచ్చు, కానీ ఫీజు మళ్లా మొత్తం కట్టాలె. పాసైనా ఆ సర్టిఫికెట్ మూడేండ్లే చెల్లుతది. అందుకే కొలువు వెతుకుడుకు ఇంకా రెండేండ్లున్న పిల్లలు తొందరపడి రాయొద్దని చెప్తున్నం. డిగ్రీ మొదటి ఏడాదిల రాస్తే, పని దొరికే నాటికి దాని గడువు సగం అయిపోతది.

అమీర్‌పేటల శిక్షణకు పోయేది వేరే పైసలు. హాస్టల్, మెస్, బస్సు అన్నీ వేరే. మా సంఘం పిల్లలు నలుగురు పోయిన్రు. ఒకడు నూటికి మూడు రూపాయల మిత్తికి ముప్పై వేలు తెచ్చుకున్నడు. అంటే నెలకు తొమ్మిది వందలు మిత్తికే. వాడు చేరిన కోచింగ్ సెంటరోళ్లు నెలన్నర ఏదో చెప్పి, ఆఖరు వారంల ఒక పీడీఎఫ్ చేతిల పెట్టిన్రు. "ఇది బట్టీ కొట్టు, ఇవే వస్తయి" అన్నరు. వీటినే డంపులంటరు. పరీక్ష రాసొచ్చినోళ్లు దొంగతనంగ బయటపెట్టిన ప్రశ్నలు, వాటికి ఎవడో రాసిన జవాబులు. అందుల సగం జవాబులు తప్పు. మనోడు బట్టీ కొట్టిండు, పోయిండు, తప్పిండు. ప్రశ్నలు మారిపోయినయి. వాడు మూడు నెలలు ఊరికి రాలే. మొఖం చూపెట్టలేక.

డంపుల మీద మేం గట్టిగనే చెప్తున్నం, పిల్లలు కోపం చేసుకున్నా సరే. దొరికితే పరీక్ష కంపెనీ సర్టిఫికెట్ రద్దు చేస్తది, మళ్లా రాయనియ్యకుండ చేస్తది. కానీ మా బాధ అది కాదు. డంపులతోటి పాసైన పిల్లగాడు ఇంటర్వ్యూల కూసున్నంక "ఈ రెండు మెషిన్లు ఎందుకు మాట్లాడుకుంటలేవో చెప్పు" అని అడిగితే నోరు తెరవడు. అప్పుడు ఎదుటోడు ఏమనుకుంటడు? వేరే కులపోడు తప్పితే ఆ ఒక్కడు తప్పినట్టు. మనోడు తప్పితే కులం మొత్తం తప్పినట్టు. ఈ దేశంల లెక్క అట్లనే ఉన్నది. అందుకని మనోడు వచ్చిన చదువుతోటే పోవాలె. ఇది న్యాయమా అంటే కాదు. ఇంకోడు సగం చదివి బతుకుతడు, మనం నిండ చదివినా అనుమానంగనే చూస్తరు. అయినా దొంగ కాగితం మనకు ఎక్కిరాదు.

చదువుకొస్తే, అందుల అంత భయపడేది ఏం లేదు. ఇప్పుడున్న పరీక్ష 2020 ఫిబ్రవరి 24 నాడు మొదలైంది, 2024 ఆగస్టుల కొంచెం సవరించిన్రు. సిలబస్‌ను ఆరు భాగాలు చేసిన్రు. వందల 25 వంతులు ఒక్క ఐపీ దారుల మీదనే, అంటే రౌటర్ ఏ మూటను ఎటు పంపుతదో ఆ లెక్క. నెట్‌వర్క్ మూలసూత్రాలకు 20, స్విచ్చులు వైర్‌లెస్ లాంటి వాటికి 20, భద్రతకు 15, మిగిలిన రెండు భాగాలకు పదేసి. మన పిల్లలు ఎక్కువ చిక్కుకునేది సబ్‌నెట్ లెక్కల కాడ. ఇంగ్లిష్ పుస్తకంల అది చూస్తే కండ్లు తిరుగుతయి. రెండు అంకెల లెక్క, సున్నా ఒకటి, ముప్పై రెండు బిట్లు. మాక్కూడా తిరిగినయి. ఒకరోజు మాలో ఒకరి తల్లి పక్కన కూసోని బియ్యం కొలుస్తుంటే తెలిసింది, ఈ లెక్క మన ఇంట్లనే ఉన్నదని.

నాటుకు పోతే, కోతకు పోతే మన అమ్మలకు కూలి గింజల్ల కొలిచి పోసేటోళ్లు. కుంచం, అడ్డెడు, మానెడు, తవ్వెడు, సోలెడు, గిద్దెడు. కుంచంల సగం అడ్డ. అడ్డల సగం మానిక. మానికల సగం తవ్వ. తవ్వల సగం సోల. సోలల నాలుగో వంతు గిద్ద. ఊరూరికీ కొలత కొంచెం తేడా ఉండొచ్చు గని సగం సగం చేసుకుంట పోయే లెక్క ఒక్కటే. మరి కుంచానికి గిద్దలెన్ని? లెక్కబెట్టండి. అరవై నాలుగు. దొర ఇచ్చేటప్పుడు చిన్న మానిక, తీసుకునేటప్పుడు పెద్ద మానిక పెట్టేటోడు. ఆ మోసం పట్టుకునేతందుకు బడి మొఖం చూడని మన అమ్మలు నోటి మీదనే సగాలు, పావులు లెక్క కట్టిన్రు. సబ్‌నెట్ అంటే ఇంతే.

స్లాష్ 24 అని రాసిన నెట్‌వర్క్‌ల 256 చిరునామాలు ఉంటయి. సగం చేస్తే 128. అందుల సగం 64, సరిగ్గా కుంచంల గిద్దలన్ని. అంటే 192.168.10.0 అనే నెట్‌వర్క్‌ను నాలుగు భాగాలు చేస్తే అవి 0 కాడ, 64 కాడ, 128 కాడ, 192 కాడ మొదలైతయి. ఒక్కో భాగంల మొదటి చిరునామా ఆ భాగానికి పేరుగ పోతది. ఆఖరుది దండోరా చిరునామా, దాని మీద చెప్తే ఆ భాగంల అందరికీ వినబడుతది. పుస్తకంల దాన్ని బ్రాడ్‌కాస్ట్ అంటరు. డప్పు కొట్టి చాటింపు వేసిన మనకు అది చెప్పాల్నా? ఆ రెండూ పోతే మిగిలేవి 62. ఇప్పుడు 192.168.10.130 అనే మెషిన్ ఏ భాగంలది? 128 భాగంలది. దాని దండోరా 191. మెషిన్లకు ఇచ్చేవి 129 నుంచి 190 దాకా. ఈ లెక్క రోజుకు ఇరవై చొప్పున నెల రోజులు చేస్తే చేతికి వస్తది. పరీక్షల క్యాలిక్యులేటర్ ఇవ్వరు. కేంద్రానికి పోయి రాస్తే రాసి తుడుచుకునే పలక లాంటిది ఇస్తరు. పలక మీద లెక్క మనకు కొత్తా?

ఇగ వీలాన్. ఒక్కటే స్విచ్ డబ్బా ఉంటది. దానికే పది మెషిన్లు తగిలిస్తరు. కానీ లోపల గీత గీసి ఐదింటిని ఒక దిక్కు, ఐదింటిని ఇంకో దిక్కు చేస్తరు. పక్కపక్కనే ఉన్నా ఒకదాని మాట ఒకదానికి వినబడదు. నడుమ రౌటర్ నిలబడి దారి ఇస్తేనే వినబడుతది. ఈ పాఠం చెప్తుంటే ఒక చెల్లె లేచి "అన్నా, ఇది మన ఊరే గద" అన్నది. ఒకటే ఊరు, ఒకటే పంచాయితీ, నడుమ గీత. అందరం నవ్వినం, నవ్వినంక కొంచెంసేపు ఎవ్వరూ మాట్లాడలే. కానీ ఒక తేడా చెప్పుకోవాలె. వీలాన్ గీసినోడు పని కోసం గీస్తడు, పని మారితే తుడుపుతడు. ఊరి గీతను ఎవ్వరూ తుడుపుతలేరు.

ఇదే చదువుల యాక్సెస్ లిస్ట్ అని ఒకటి వస్తది. ఎవర్ని లోపలికి రానియ్యాలె, ఎవర్ని ఆపాలె అని రౌటర్‌కు వరుసగ రాసిచ్చే జాబితా. మీదికెళ్లి కిందికి చదువుకుంట పోతది. మూట ఏ లైనుకు సరిపోతే ఆ మాట ప్రకారం చేసి అక్కడే ఆగుతది. ఏ లైనుకూ సరిపోకపోతే? జాబితా చివర కండ్లకు కనబడని లైను ఒకటి ఉంటది. ఎవ్వరూ రాయరు, తెరిచి చూస్తే కనబడదు, అయినా ఉంటది. మిగిలినోళ్లను అందరినీ ఆపు అని. పరీక్షల ఇది తప్పకుండ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. ప్రైవేటు కొలువుకు పోయేటప్పుడు కూడా.

ఎందుకంటే ఆ ఆఖరు లైను నోటిఫికేషన్‌ల ఉండదు. "సొంతూరేది? ఇంటిపేరేది? నాయన ఏం చేస్తడు? గురుకులంల చదివినవా?" అని నవ్వుకుంటనే అడుగుతరు. ఇది మన అనుమానం కాదు, లెక్క తేలిన సంగతి. సుఖదేవ్ థోరాట్, పాల్ ఆట్‌వెల్ అనే ఇద్దరు పరిశోధకులు పేపర్ల ప్రకటనలు చూసి ప్రైవేటు కంపెనీలకు ఒక్క తీరు చదువులున్న దరఖాస్తులు పంపిన్రు, పేర్లు మాత్రం మార్చిన్రు. దళితుల పేరుంటే పిలుపు వచ్చే అవకాశం పెద్దకులం పేరుతోటి పోల్చితే దాదాపు మూడింట రెండు వంతులకు పడిపోయిందని 2007ల ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీల అచ్చేసిన్రు. చదువు అదే, అనుభవం అదే. పేరు ఒక్కటే వేరు.

పరీక్ష పెట్టే సిస్కో కంపెనీ కత కూడా వినండి. 2020 జూన్ 30 నాడు కాలిఫోర్నియా రాష్ట్ర సర్కారు శాఖ ఒకటి ఆ కంపెనీ మీద, అందుల పనిచేసిన ఇద్దరు ఇంజనీర్ల మీద కేసు పెట్టింది. ఒక దళిత ఇంజనీరును కులం పేరు మీద తక్కువ చేసిన్రని, ఫిర్యాదు చేస్తే ఇంకా తొక్కిన్రని ఆరోపణ. కంపెనీ అదేం లేదన్నది. 2023 ఏప్రిల్‌ల ఆ ఇద్దరి మీది కేసును సర్కారు శాఖే వాపసు తీసుకున్నది, కంపెనీ మీది కేసును మాత్రం వదల్లేదు. నిజం ఏందన్నది తేల్చాల్సింది కోర్టు, మేం తీర్పు చెప్పం. కానీ సముద్రాలు దాటినా మూటల అడుగున కులం దాచుకొని పోతరని ప్రపంచానికి తెలిసింది ఆ కాగితంతోటే. 2023 ఫిబ్రవరిల సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఇట్లాంటి బిల్లునే పాస్ చేస్తే అక్టోబర్‌ల గవర్నర్ సంతకం పెట్టకుండ తిప్పి పంపిండు. సియాటిల్‌ల నిలబడ్డోళ్లల్ల, కాలిఫోర్నియాల నిరాహార దీక్షకు కూసున్నోళ్లల్ల మనోళ్లు ఉన్నరు.

మరి ఇంత తెలిసీ ఎందుకు రాయాలె పరీక్ష? సర్టిఫికెట్ ఉంటే కొలువు వస్తదని మేం చెప్పం. అట్ల చెప్పేది అమీర్‌పేట గోడల మీది పోస్టర్. "నీకు పని రాదు" అనే సాకు ఒకటి పోతది, అంతవరకే. జవాబులు దిద్దేది మెషిన్, దానికి ఇంటిపేరు చదువుడు రాదు. మొదటి పని చిన్నదే ఉంటది, రాత్రి షిఫ్టుల తెర ముందు కూసోని ఎక్కడ లింకు తెగిందో చూసే పని, కేబుల్ సంచి భుజాన వేసుకొని ఆఫీసులు తిరిగే పని. అయినా అది తట్ట పని కాదు. అమెజాన్ 2022 నవంబర్‌ల హైదరాబాద్ చుట్టూ పెద్ద పెద్ద డేటా సెంటర్లు మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ కూడా అదే తొవ్వల ఉన్నది. పునాది తవ్వుడు, గేటు కాడ నిలబడుడు, నేల తుడుసుడు. ఈ మూడు పనుల దగ్గరనే మనోళ్లు ఆగిపోవాల్నా?

చదువుకునే తీరు గురించి మా అనుభవం చెప్తం. అమీర్‌పేట పోవుడు తప్పనిసరి కాదు. సిస్కో వాళ్లదే నెట్‌వర్కింగ్ అకాడమీ ఉన్నది, 1997 నుంచి. దాంట్ల పేరు నమోదు చేసుకుంటే ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్ ఊరికెనే ఇస్తరు. లక్షల రూపాయల రౌటర్లు, స్విచ్చులు తెర మీదనే పెట్టుకొని తీగలు తగిలించి చూసుకోవచ్చు. దానికి కొత్త ల్యాప్‌టాప్ అక్కర్లేదు. సికింద్రాబాద్ పార్క్ లేన్ దిక్కు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ల పాతవి దొరుకుతయి. మేం నలుగురికి ఒకటి కొన్నం. ఒకరు పుస్తకంల ఇంగ్లిష్ వాక్యం చదవాలె. ఇంకొకరు దాన్ని మన మాటల చెప్పాలె. మూడో మనిషి మెషిన్ మీద చేసి చూపాలె. నాలుగో మనిషి కావాలని ఒక తీగ పీకాలె, ఒక అంకె తప్పు పెట్టాలె, మిగిలినోళ్లు ఎక్కడ చెడిందో పట్టుకోవాలె. ఈ నాలుగో పనే అసలు చదువు. అదే డంపుల దొరకనిది. పగలు కూలికో కొలువుకో పోయి రాత్రి రెండు మూడు గంటలు కూసుంటే ఆరు నెలలు పడుతది.

ఇంగ్లిష్ గురించి ఒక మాట. ఈ పరీక్ష ఇంగ్లిష్‌ల ఉంటది, జపాన్ భాషల ఉంటది. 2011 జనాభా లెక్కల్ల తెలుగు మా తల్లి భాష అని రాయించుకున్నోళ్లు ఎనిమిది కోట్ల పైచిలుకు. మన భాషల లేదు. తెలుగు కోసం సభలు పెట్టి శాలువాలు కప్పుకునే పెద్దలు దీని గురించి ఎన్నడన్నా అడిగిన్రా? మేం మాత్రం తెలుగుల పరీక్ష వచ్చేదాకా ఆగుదామని అనం. ఇంగ్లిష్ చదవమని సావిత్రిబాయి ఫూలే నూట డెబ్బై ఏండ్ల కిందనే చెప్పింది. పరీక్ష ఇంగ్లిష్‌లనే రాద్దాం. అర్థం చేసుకునుడు మాత్రం మన భాషల చేసుకుందాం. దానికి తెలుగుల చిన్న పుస్తకం కావాలె. కుంచం లెక్క నుంచి మొదలుపెట్టి మేం రాసుకుంటున్నం.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలె. మా నలుగురిల ఇద్దరు ఆడపిల్లలుంటే బాగుండేది, ఒక్కతే ఉన్నది. గురుకులాల్ల చదివి వచ్చిన పిల్లలు లెక్కల్ల మొగపిల్లల కంటే మెరుగ్గ ఉన్నరు. కానీ అమీర్‌పేట హాస్టల్‌కు పంపుమంటే తల్లిదండ్రులు భయపడుతున్నరు. పెండ్లి సంబంధం చూస్తున్నరు. వాళ్లను తిట్టి లాభం లేదు. చదువు దేవరకొండలనే ఉండాలె, పొద్దు గూకక ముందే ఇంటికి చేరేటట్టు ఉండాలె. ఆదివారం పగలు పెట్టినంక ముగ్గురు కొత్తగ వచ్చిన్రు. ఇది మొగోళ్లం మాకు ముందే తట్టాల్సింది, తట్టలేదు.

ఇంకో చిన్న ముచ్చట, చిన్నదే గని కొంప ముంచుతది. పరీక్షకు నమోదు చేసుకున్న పేరు, గుర్తింపు కార్డు మీది పేరు అచ్చం ఒక్క తీరుగ ఉండాలె. లేకపోతే లోపలికి రానియ్యరు, ఫీజు పోతది. మన పిల్లల పేర్లు పదో తరగతి మెమోల ఒక తీరు, కార్డుల ఒక తీరు ఉంటయి. బడిల సారు ఎట్ల వినబడితే అట్ల రాసిండు, మీసేవల ఇంకో తీరు కొట్టిన్రు. ఒకదాంట్ల ఇంటిపేరు ముందు, ఒకదాంట్ల ఎనక, ఒకదాంట్ల లేనే లేదు. ఫీజు కట్టే ముందే సరిచేసుకోండి. ఇంకోటి, ఈ పరీక్షల ఒక ప్రశ్న దాటినంక ఎనక్కి పోనియ్యరు. తెలియనిదాని కాడ కూసోని ఏడ్వకుండ ఏదో ఒకటి పెట్టి ముందుకు పోవుడు అలవాటు చేసుకోవాలె.

ఫీజు కోసం భూమి తాకట్టు పెట్టొద్దు, మేకలు అమ్మొద్దు, మిత్తికి తేవొద్దు. ఆ పైసలు సర్కారు కాడ ఉన్నయి, మన పేరు మీదనే ఉన్నయి. దళిత సంఘాలు రోడ్ల మీద కూసోని కొట్లాడితే 2013ల ఉమ్మడి రాష్ట్రంల సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. 2017ల తెలంగాణ దాన్ని ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగ మార్చుకున్నది. మన జనాభా వంతు పైసలు మన కోసమే ఖర్చు పెట్టాలని దాని సారం. ఆ నిధి నుంచి మన పిల్లల పరీక్ష ఫీజు కట్టాలె. ఒక్కసారికి కాదు, తప్పితే రెండోసారికి కూడా కట్టాలె. అయితే పైసలు కోచింగ్ సెంటర్ల చేతికి ఇస్తమంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌ల ఏం జరిగిందో చూసినం గద. మన పిల్లల పేర్లు చెప్పి కాలేజీలు లేచినయి, సర్కారు బాకీ పడ్డదని మన పిల్లల సర్టిఫికెట్లు పట్టుకొని కూసున్నయి. పైసలు నేరుగ పరీక్షకు కట్టాలె, పిల్లగాని పేరు మీద.

గురుకులాల కంప్యూటర్ గదులు సాయంత్రం పూట, సెలవుల్ల తాళం వేసి ఉంటయి. అవి పాత విద్యార్థులకు తెరవాలె. ఇగ ఊర్ల ఫైబర్ డబ్బాలు చూసుకునే పని ఏ కాంట్రాక్టరుకు ఇచ్చినా, అందుల ఆ మండలం పిల్లలను, రిజర్వేషన్ ప్రకారం పెట్టుకోవాలని టెండర్ కాగితంలనే రాయాలె. భూమి మనది, కాల్వ మనం తవ్వింది, తీగ తెగితే మరమ్మతుకు మాత్రం పట్నం నుంచి మనిషి రావాల్నా? దేవరకొండ ఎస్టీ రిజర్వుడు నియోజకవర్గం. తండాల అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు కూడా ఈ డిమాండ్ మీద మాతోటి కలిసి వస్తమన్నరు.

వచ్చే సోమవారం నల్లగొండ కలెక్టరేట్ ప్రజావాణికి పోతున్నం. దరఖాస్తు రాసి పెట్టినం. పరీక్షకు తయారవుతున్న పిల్లలు కులం సర్టిఫికెట్, పదో తరగతి మెమో, గుర్తింపు కార్డు జిరాక్సులు రెండేసి తెచ్చుకోండి. మిత్తికి తెచ్చి ఇదివరకే ఫీజు కట్టినోళ్లు ఆ రసీదులు కూడా తేవాలె, అవి కలెక్టర్ ముందు పెడతం. దేవరకొండ బస్టాండ్ కాడ పొద్దున ఏడు గంటలకు కలుద్దాం. ఆదివారం చదువు ఎప్పటి లెక్కనే ఉంటది. కొత్తగ వచ్చేటోళ్లు ఒక నోటుబుక్కు, పెన్సిల్ తెచ్చుకుంటే చాలు. ఇంట్ల పాత మానిక ఉంటే అది కూడా తెండి, మొదటి పాఠం దానితోటే.